అత్తాకోడళ్ళకు ఒకే పియానో

పియానో వాయించడం వస్తే పియానో నేర్పడమూ వచ్చేసినట్టే అనుకునే రోజులవి. నాకు ఇరవై మూడేళ్ళు. చేతిలో గ్రేడు పరీక్షల సర్టిఫికెట్లు, కడుపులో ఎప్పుడూ ఒక గుబులు. ఆ గుబులుకి ప్రత్యేకంగా కారణం ఉండాల్సిన పనిలేదు. పొద్దున్నే నాకంటే ముందు అదే లేచి కూర్చునేది. బస్సు దొరకదేమో, దొరికినా సీటు దొరకదేమో, సీటు దొరికితే నిద్రపోయి దిగాల్సిన చోట దిగనేమో. (నేను బస్సులో ఏనాడూ నిద్రపోలేదు. నిద్రపోతానేమోనన్న భయమే నన్ను మేలుకునేలా చేసేది.) మా అమ్మా నాన్నా ఇద్దరూ లెక్చరర్లు. "పాఠం చెప్పడానికి భయమేంటే? లోపలికెళ్ళడం, చెప్పడం, బయటికి రావడం. అంతేగా!" అనేది అమ్మ. ఆవిడకేం, గదినిండా పిల్లలుంటారు, సగంమంది కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. నా క్లాసులో ఉండేది ఒక్కరే, ఆ ఒక్కరూ నా వేళ్ళనే చూస్తుంటారు.

విజయవాడలో ఒక సంగీత శిక్షణ కేంద్రంలో కొత్తగా చేరాను. దాని యజమానిని అందరం 'సారు' అనే పిలిచేవాళ్ళం. మొదట్లో నాకు చిన్నపిల్లల్నే అప్పగించారు. చిన్నపిల్లలతో గొడవలేదు. తప్పు వాయిస్తే వాళ్ళే నవ్వేస్తారు, మళ్ళీ వాయిస్తారు, మధ్యలో పెన్సిల్ చెవిలో పెట్టుకుంటారు. అలా కాస్త కుదుటపడుతున్నానో లేదో, ఒకరోజు సారు పిలిచి, "కంకిపాడులో ఒక ఇల్లుందమ్మా. పెద్దవాళ్ళు నేర్చుకుంటారట. మంచి పియానో కొన్నారు. వారానికి రెండు రోజులు నువ్వు ఇంటికెళ్ళి చెప్పాలి" అన్నారు. పెద్దవాళ్ళకి నేనా అని నేను నోరు తెరిచేలోపే, "నిన్ను పర్మనెంట్ చెయ్యాలా వద్దా అన్నది ఈ ఇంటిని బట్టి చూస్తాను" అన్నారు. తెరిచిన నోరు మూసేశాను.

బందరు రోడ్డు మీద బస్సెక్కి, పోరంకి, పెనమలూరు దాటుతుంటే, చెప్పబోయే మొదటి పాఠం పెదాలతోనే వల్లె వేసుకున్నాను. పక్కసీటావిడ నేను జపం చేసుకుంటున్నాననుకుని కాస్త జరిగి కూర్చుంది. ఇల్లు పెద్దది. ముందు వడ్లబస్తాలు పట్టే వరండా, లోపల చల్లటి హాలు, హాల్లో గోడవారగా నల్లగా మెరుస్తూ కరెంటు పియానో. ఆ ఇంటి అబ్బాయిగారు ఎదురొచ్చారు. ఆయనకి ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల షాపు. "రండి మేడంగారూ" అంటూ ఆయన కుర్చీ చూపించేసరికి, ఒక గదిలోంచి వాళ్ళమ్మగారు, ఇంకో గదిలోంచి ఆయన భార్య ఒకేసారి బయటికొచ్చారు. ఇద్దరూ మంచి చీరలు కట్టుకున్నారు. ఇద్దరూ తలలో పూలు పెట్టుకున్నారు.

"ఎవరండీ నేర్చుకునేది?" అన్నాను.

"నేనే" అన్నారు ఇద్దరూ.

అత్తగారు కోడలిని చూశారు, కోడలు భర్తను చూసింది, అబ్బాయిగారు మాత్రం గడియారం చూసి, "షాపులో లోడు దిగుతోంది" అంటూ చెప్పుల కోసం వెళ్ళారు. అప్పటికేదో సర్దుకుని, అరగంట ఒకరికి, అరగంట ఇంకొకరికి చెప్పి బయటపడ్డాను. బస్టాపు దగ్గర ఆయన బైకు ఆపుకుని నాకోసమే కాచుకుని ఉన్నారు.

"మేడంగారూ, మీతో ఒక మాట. మా అమ్మ బాత్రూంలో జారిపడి కుడిచెయ్యి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక వేళ్ళు కదుపుతూ ఉండమన్నాడు డాక్టరు. రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే ఆవిడ పిసకదు. అందుకని, నీకోసమే పియానో కొంటున్నానని చెప్పా."

"మంచిదే కదండీ!"

"మంచిదే. అయితే మా ఆవిడ పెళ్ళైన కాణ్ణించీ పియానో పియానో అంటోంది. అదే నెలలో ఆవిడ పుట్టినరోజు వచ్చింది." ఆయన తల గోక్కున్నారు. "ఆవిడకీ అదే మాట చెప్పా. ఇప్పుడిక మీరే సర్దాలి. నేను చెప్పినట్టు మాత్రం ఎక్కడా అనకండి, మీకు పుణ్యముంటుంది."

అలా నా కడుపులోని గుబులుకి మొదటిసారి ఒక న్యాయమైన కారణం దొరికింది.

పెద్దవాళ్ళకి నేర్పడంలో ఉన్న కష్టమేమిటో నాకు ఆ ఇంట్లోనే తెలిసింది. నాకు నేర్పిన టీచరు ఏడాదిపాటు స్వరాల నిచ్చెన ఎక్కించి దింపిందే తప్ప పాటన్నది ముట్టుకోనివ్వలేదు. నేనూ అదే మొదలుపెట్టాను. రెండో వారానికే అత్తగారు చెయ్యి వెనక్కి తీసుకుని, "ఏమ్మాయ్, ఈ వయసులో నేనేం పరీక్షలు రాయాలి? పాట చెప్పు" అన్నారు. కోడలిది ఇంకో తీరు. ఆవిడ ఇంట్లోనుంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది, ఏది చెప్పినా "ఎందుకు మేడం?" అని అడుగుతుంది. బొటనవేలు ఇక్కడే ఎందుకు, మణికట్టు వంచకూడదు ఎందుకు? (ఎందుకో నాకూ తెలియదు. మా టీచరు స్కేలుతో కొట్టేది కాబట్టి నేను వంచేదాన్ని కాదు, అంతే.) పైగా పిల్లల్లా తప్పుని తప్పుగా వదిలెయ్యరు. ఒక్క మీట తప్పితే చాలు, వాయించడం ఆపేసి సంజాయిషీ చెబుతారు. నిన్న చుట్టాలొచ్చారనీ, పొద్దున్నించీ మెడ పట్టేసిందనీ, ఇందాక వంటింట్లో వాయిస్తే సరిగ్గానే వచ్చిందనీ. (వంటింట్లో పియానో లేదు, గ్యాసుపొయ్యి గట్టు మీద వాయించారట.)

ఇంటికొచ్చి మంచంమీద పడుకుని ఆలోచించేదాన్ని. రేపు ఏం చెబితే మానేయకుండా ఉంటారు? ఆ భయమే నాకు ఒక్కొక్కటి నేర్పింది. అరచెయ్యి గుండ్రంగా పెట్టండని ఎన్నిసార్లు చెప్పినా అత్తగారి వేళ్ళు అప్పడాల్లా పరుచుకునేవి. ఒకరోజు విసుగొచ్చి, "ఆంటీ, సున్నుండ చుడతారే, చెయ్యి అలా పెట్టండి" అన్నాను. వెంటనే ఎంత చక్కగా పెట్టారో! కుడిచెయ్యి నొప్పి పుడుతోందంటే, అసలు పనంతా ఎడమచేతికి ఇచ్చి, కుడిచేతికి రోజూ ఓ రెండు మీటలే ఇచ్చాను. కోడలు క్లాసుకి ముందురోజు రాత్రి రెండు గంటలు కూర్చుని వేళ్ళు నొప్పి పుట్టించుకునేది. అలా వద్దు, కాఫీ కలిపే ముందు కాసేపు, కలిపాక కాసేపు చాలన్నాను. పాట మొత్తం ఒకేసారి కాకుండా ఆఖరి ముక్క ముందు నేర్పి, దాని ముందుది తర్వాత నేర్పాను. అలా అయితే వాయిస్తున్నకొద్దీ తెలిసిన చోటికే వెళ్తారు, భయం తగ్గుతుంది. ఇవన్నీ ఏ పుస్తకంలోనివో అనుకునేరు. వాళ్ళ మొహాలు మాడిపోయినప్పుడల్లా కంగారులో నా నోటికొచ్చినవి.

పాఠాలు సాగుతున్నాయి గానీ, గేటు దాకా సాగనంపడం అనే తంతు ఒకటి ఉండేది. ముందు అత్తగారు వచ్చి, గొంతు తగ్గించి, "నిజం చెప్పు టీచరమ్మా, దానికి వస్తుందంటావా?" అనేవారు. ఆవిడ లోపలికెళ్ళగానే కోడలు వచ్చి, "పాఠాల్లో అత్తయ్య నాకంటే ముందున్నారా మేడం?" అనేది. ఇద్దరికీ "మీరు బాగా చేస్తున్నారండీ" అని ఒకటే జవాబు. దానికి బహుమతిగా అత్తగారి పెసరట్టు, కోడలి కోల్డ్ కాఫీ, ఒకదాని మీద ఒకటి. ఏది వదిలేసినా రెండోవాళ్ళ పక్షం వహించినట్టు. తిరుగు బస్సులో గుబులుతో పాటు ఆ రెండూ కడుపులో కలిసి ఊగేవి.

శ్రావణం దగ్గరపడింది. ఒక క్లాసులో అత్తగారు, "వరలక్ష్మీ వ్రతం నాడు పేరంటాళ్ళ ముందు మా అమ్మ పాడే హారతిపాట పియానో మీద వాయిస్తానని వీధంతా చెప్పేశానమ్మా" అన్నారు. పది నిమిషాల తర్వాత అదే స్టూలు మీద కూర్చుని కోడలు, "వ్రతం రోజు నేను వాయిస్తున్నానని మా అమ్మావాళ్ళకి చెప్పేశాను మేడం" అంది. సారు దగ్గరికెళ్ళి చెబితే ఆయన రసీదులు రాసుకుంటూ తలెత్తకుండానే, "ఇద్దరిలో ఎవరూ మానకూడదు. ఎలా అంటావా, అది నీ తలనొప్పి" అన్నారు.

ఆ హారతిపాట ఏ పుస్తకంలోనూ లేదు. అత్తగారు పాడితే విని నేను స్వరాలు పట్టుకున్నాను. ఐదు స్వరాల చిన్న పాట. ముందు కోడలికి మొదలుపెట్టాను. ఆవిడ ఫోన్‌లో టిక్కుటిక్కుమనే తాళం పెట్టుకుని, కొలిచినట్టు వాయిస్తోంది. వంటింట్లోంచి, "అలాక్కాదు! అక్కడ సాగాలి!" అని కేక. ఇంకోసారి వాయించింది. "సాగదియ్యవే, అమ్మవారు పరిగెత్తి ఎక్కడికి పోతుంది?" కోడలు చేతులు ఒళ్ళో పెట్టుకుని, "అయితే మీరే వచ్చి వాయించండి అత్తయ్యా" అంది. వచ్చేశారు, చేతికి శనగపిండితో సహా. స్టూలు ఎడమ చివర ఓరగా కూర్చుని, పిండి అంటని ఎడమచేత్తో కింది స్థాయిలో షడ్జమం, పంచమం మార్చి మార్చి నొక్కుతూ పాట అందుకున్నారు. తంబురా మీటినట్టుంది. ఆ శ్రుతి వినగానే కోడలి వేళ్ళు వాటంతటవే నెమ్మదించి పాటవెంట నడిచాయి. ఒక పియానో మీద ఇద్దరు వాయించే పాటలు నేను చిన్నప్పుడు ఎన్ని వాయించలేదు! ఇన్నాళ్ళూ బుర్రకి తట్టనేలేదు.

"ఇద్దరూ కలిసి వాయించండి" అన్నాను.

"అంటే నాకు ఈ బుంయ్‌బుంయ్ మోత, పాటంతా దానికా?" అన్నారు అత్తగారు.

"కాదు ఆంటీ. హారతి ఒకరు అంటే ఇంకొకరు అందుకుంటారు కదా. ఒక వరస మీరు, ఒక వరస ఆవిడ. మీరు వాయించేటప్పుడు ఆవిడ శ్రుతి, ఆవిడ వాయించేటప్పుడు మీరు శ్రుతి."

ఒప్పుకున్నారు. ఆ టిక్కుటిక్కు వింటే గుండెదడగా ఉందని అత్తగారు అనడంతో దాన్ని ఆపేయించి, ఇద్దరూ పాడుతూ వాయించాలన్నాను. గొంతుతో పాడితే వేళ్ళు పరిగెత్తవు. కొన్నాళ్ళు హాయిగా గడిచాయి. (హాయిగా ఉండడంతో నాకు ఇంకా భయం వేసింది.)

అనుకున్నట్టే, వ్రతానికి రెండు రోజుల ముందు నేను వెళ్ళేసరికి హాల్లో ఎవరూ లేరు. పియానో మీద గుడ్డ కప్పి ఉంది. అత్తగారు తన గదిలో మంచం మీద అటు తిరిగి కూర్చున్నారు. "నేను వాయించను. దాన్నే వాయించుకోమను. నా తప్పులు కప్పడమే దాని పనైపోయిందంట, వాళ్ళమ్మతో ఫోన్లో చెబుతోంది." కోడలు తన గదిలో కంప్యూటర్ ముందు కళ్ళు తుడుచుకుంటోంది. "ఏదో నవ్వులాటకి అన్నా మేడం. అత్తయ్య సగం విని సగం వదిలేశారు. అయినా పియానో నా పుట్టినరోజుకి కొన్నది. నేనేమన్నా అడిగానా, మధ్యలో ఆవిడెందుకొచ్చారని?"

"ఏంటీ? నీ పుట్టినరోజుకా?" అంటూ అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. "నా చేతికోసం కొన్నాడు నా కొడుకు!"

ఇద్దరూ నావైపు తిరిగారు. ఎవరికోసం కొన్నారో చెప్పమని నేనేదో న్యాయస్థానమైనట్టు చూస్తున్నారు. వీధంతా వచ్చి గుడ్డకప్పిన పియానోని చూస్తున్నట్టు, సారు రసీదు పుస్తకం మూసి తలెత్తి మొదటిసారి నా మొహంలోకి చూస్తున్నట్టు నా కళ్ళకి కనిపించింది. అంతే, ఏడుపొచ్చేసింది. మామూలు ఏడుపు కాదు, చిన్నపిల్లలా వెక్కిళ్ళు. "ఇద్దరికీ కొన్నారండీ! ఇద్దరికీ నీకోసమే అని చెప్పారంట! నన్ను సర్దమన్నారు! నాకు సర్దడం రాదు! నాకు పియానో ఒక్కటే వచ్చు! ఇప్పుడు మీరు వాయించకపోతే నా ఉద్యోగం పోతుంది!"

ఆ ఇంట్లో అంత గొప్పగా ఎవరూ వాయించలేదు, నేను ఆ రోజు ఏడ్చినంత. ఒకరు మంచినీళ్ళు తెచ్చారు, ఒకరు ఫ్యాను పెంచారు. "ఊరుకో అమ్మాయ్, ఊరుకో" అని అత్తగారు వీపు నిమురుతుంటే, కోడలు నా చేతికి టవలిచ్చి, "అంటే ఆయన మీకు కూడా అలాగే చెప్పారా అత్తయ్యా?" అంది. "చెప్పాడే. నీకోసమేనమ్మా, నువ్వు ఊఁ అంటే బండిలో వేయించుకొస్తా అన్నాడు." "నాతోనూ అదే మాటండీ. ఊఁ అను, బండిలో వేయించుకొస్తా!" ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్తగారి పెదవి ముందు వణికింది, తర్వాత ఇద్దరూ పకపకా నవ్వారు. నేను మాత్రం, ఆయన షాపునుంచి ఫోన్ చేసి నన్ను తిడతారేమోనని కొత్తగా భయపడడం మొదలుపెట్టాను. "రానీ వాణ్ణి" అన్నారు అత్తగారు, పియానో మీద గుడ్డ తీస్తూ.

వ్రతం రోజు సాయంత్రం హాలంతా పట్టుచీరలే. అబ్బాయిగారికి శిక్షగా గుమ్మం దగ్గర నానబెట్టిన శనగలు, తాంబూలం పంచే పని పడింది. అంతమంది ఆడవాళ్ళ మధ్య ఆయనొక్కరే మగవాడు, తలెత్తకుండా పంచుతున్నారు. అత్తాకోడళ్ళు స్టూలు మీద ఇద్దరికీ చోటు చాలక ఒక ప్లాస్టిక్ కుర్చీ చేర్చుకుని కూర్చున్నారు. అత్తగారి అక్కగారు కర్పూరం వెలిగించి పళ్ళెం ఎత్తారు. నేను పియానో పక్కన స్తంభానికి ఆనుకుని, చేతిలో ఉన్న శనగలు పిడికిట్లో నలుపుతున్నానని కూడా తెలియకుండా నించున్నాను.

కోడలు శ్రుతి మొదలుపెట్టింది. మొదటి వరస అత్తగారిది. ఆవిడ చెయ్యి మీటల మీద ఉంది. సున్నుండ చుట్టినట్టే ఉంది. కానీ కదల్లేదు. కోడలు మళ్ళీ శ్రుతి తిప్పింది. కదల్లేదు. అత్తగారి చెవి వెనకనించి చెమట కారడం నాకు కనిపిస్తోంది. కర్పూరం కొండెక్కింది. ఎవరో ఇంకో బిళ్ళ వేశారు. కోడలు పక్కకి చూడలేదు, ఆపలేదు, తిప్పుతూనే ఉంది, అది పాటలో భాగమే అన్నట్టు. తర్వాత చాలా మెల్లగా, పక్కనున్న మాకే వినబడేంతగా, మొదటి మాట గొంతుతో అందించింది. అత్తగారి గొంతు దాన్ని అందుకుంది. గొంతు వెంట వేళ్ళు కదిలాయి.

నేను ఊపిరి తీసుకున్నానో లేదో, రెండో చరణంలో అత్తగారు ఒక మీట పక్కకి నొక్కారు. పాటలో లేని స్వరం. హాలంతా వినబడింది. ఆవిడ భుజాలు బిగుసుకున్నాయి. ఇక ఆపేస్తారు, ఆపేసి మెడ పట్టేసిందని చెబుతారు, అంతా అయిపోయింది అనుకున్నాను. తర్వాతి వరస కోడలిది. ఆ పాటలో ఎన్నడూ ఒక్క మీట తప్పని ఆవిడ, సరిగ్గా అదే చోట, అదే తప్పు మీట నొక్కింది. నిదానంగా, నిండుగా, సాగదీసి నొక్కింది. ఇప్పుడది తప్పులా లేదు, పాటే అలా ఉన్నట్టుంది. అత్తగారు చటుక్కున కోడలివైపు చూశారు. మూడో చరణంలో మళ్ళీ ఆ చోటు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి ఆ తప్పు వాయించారు.

హారతి కళ్ళకద్దుకుంటూ అక్కగారు, "మన అమ్మ ఆ మధ్యలో అలా తిప్పేది కాదే?" అన్నారు. "తిప్పేదక్కా. నువ్వు మర్చిపోయావు" అన్నారు అత్తగారు, తొణక్కుండా.

పేరంటాళ్ళు వాళ్ళిద్దరి చుట్టూ మూగారు. ఎవరో పెద్దావిడ నా నుదుట కుంకుమ పెడుతూ, "ఏమ్మా, నువ్వు వాళ్ళ చుట్టాలమ్మాయివా? నీకూ వచ్చా పియానో?" అని అడిగారు. "కొంచెం వచ్చండి" అన్నాను. "నేర్చుకో. ఆవిడ ఈ వయసులో నేర్చుకోలా?" అన్నారు.

నన్ను పర్మనెంట్ చేశారు. ఆ వీధిలోనే ఇంకొందరు నేర్చుకుంటామనడంతో సారు పెద్దవాళ్ళందరినీ నాకే అంటగట్టారు. ఇప్పుడు నాకంటూ ఒక చిన్న క్లాసు ఉంది, దానికొచ్చేవాళ్ళు ఎక్కువమంది తల నెరిసినవాళ్ళే. ఎవరైనా మీట తప్పి సంజాయిషీ మొదలుపెడితే, "పోనివ్వండి, వెళ్ళిపోండి ముందుకి" అంటాను, ఎంతో అనుభవజ్ఞురాలిలా.

వ్రతం రోజు తిరుగు బస్సులో మాత్రం అలా లేను. నుదుట కుంకుమ, తలలో ఎవరో తురిమిన చేమంతి, ఒళ్ళో తాంబూలం. బతుకులో మొదటిసారి ఒక పని నెగ్గుకొచ్చిన పిల్ల హాయిగా కిటికీలోంచి కాలవ గట్లు చూసుకోవచ్చు కదా? లేదు. పేరంటాళ్ళలో ఎవరైనా ఫోన్‌లో ఆ పాట రికార్డు చేశారేమో, అది సారుకి చేరుతుందేమో, ఆయన ఆ తప్పు స్వరం పట్టేస్తారేమో అని పెనమలూరు దాటేదాకా గోళ్ళు కొరుక్కుంటూనే ఉంది. ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. పక్కసీట్లో కూర్చుని, ఏమీ కాదులేవే అని చెప్పాలనిపిస్తుంది. ఇప్పటి నా భయాలన్నీ పెద్దవి, డాక్టర్లతోనూ బ్యాంకులతోనూ ముడిపడ్డవి. ఒక్క స్వరం తప్పినందుకు అంత నిండుగా భయపడగలగడం కూడా ఆ వయసుకే చెల్లిందేమో. అందుకే ఏమీ చెప్పకుండా, కాసేపు అలా చూస్తూ ఊరుకుంటాను.